నర్సులకి మందుల మీద వచ్చే డౌట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విలేజ్ క్లినిక్‌లో కొత్తగా చేరిన ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అమ్మాయిలు, ఒంగోలు, నెల్లూరు ఆస్పత్రుల్లో వార్డు చూసుకునే స్టాఫ్ నర్సులు, పీహెచ్‌సీల్లో నైట్ డ్యూటీ చేసేవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఒకచోట పెడుతున్నా. పుస్తకం వరసలో ఉండవు, మన పనిలో ఏది ముందొస్తే అది ముందు. డోసులు మామూలుగా వాడేవి రాశా, మీ ఆస్పత్రి ప్రోటోకాల్ వేరేగా ఉంటే దాన్నే పాటించండి, డౌటుంటే డాక్టరు గారిని అడిగాకే ఇవ్వండి.

అక్కా, అసలు నర్సు మందులు రాయొచ్చా?

మన దగ్గర స్టాఫ్ నర్సుకి తనంతట తాను ప్రిస్క్రిప్షన్ రాసే అధికారం లేదు. ఇంగ్లండ్‌లో ఉంది, అక్కడ దానికోసం వేరే కోర్సు చేసిన నర్సులు 2006 నుంచి తమకి పట్టున్న జబ్బుల వరకూ దాదాపు అన్ని మందులూ రాస్తున్నారు, అక్కడికి పోయిన మన పిల్లలు ఫోన్లో ఆ సంగతి చెప్తే ఇక్కడ మనకెందుకు లేదు అని అందరూ అడుగుతుంటారు. విలేజ్ క్లినిక్‌లో మనం చేసేది ఏందంటే గైడ్‌లైన్స్ లిస్టులో ఉన్న మందులివ్వడం, పీహెచ్‌సీ డాక్టరు మొదలుపెట్టిన బీపీ, షుగర్ బిళ్ళలు నెలనెలా కొనసాగించడం, మార్చాల్సొస్తే టెలీ కన్సల్టేషన్‌లో డాక్టరుతో మాట్లాడటం. అయితే రాసేది ఎవరైనా బిళ్ళ పేషెంటు నోట్లోకి పోయేది మన చేతి మీదగానే, సూది గుచ్చేది మనమే, తేడా వస్తే ముందు కనపడేది కూడా మనకే. అందుకని ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) డాక్టర్ల సబ్జెక్టు అనుకోవద్దు.

ఇన్ని మందులు గుర్తుండవు, కనీసం ఏం తెలిసుండాలి?

ప్రతి మందుకీ ఈ నాలుగు చాలు: ఎందుకు ఇస్తున్నాం, ఎవరికి కూడదు, ఇచ్చాక ఏం చూడాలి, తేడా వస్తే ఏం చేయాలి. మీ క్లినిక్ బీరువాలో ఉన్న మందులతో మొదలుపెట్టి రోజుకొకటి నోట్‌బుక్కులో రాసుకోండి. బ్రాండ్ పేరు కాకుండా లోపలి మందు పేరు రాయండి, ఎందుకంటే బ్రాండ్లు నెలనెలా మారతాయి, సప్లై ఎప్పుడు ఏ కంపెనీది వస్తుందో ఎవరికీ తెలీదు.

బీపీ బిళ్ళ వేసుకుంటే కాళ్ళు వాస్తున్నాయని ఆపేస్తున్నారు, ఏం చెప్పాలి?

అది ఎక్కువగా ఆమ్లోడిపిన్ పని. ఆ మందు సన్న రక్తనాళాల్ని వదులు చేస్తుంది, అప్పుడు నీరు బయటికి ఊరి చీలమండల దగ్గర దిగుతుంది, కిడ్నీ చెడిపోయి వచ్చే వాపు కాదిది. అలాగని వాపు ఉందనగానే ఆమ్లోడిపినే అని తేల్చేయొద్దు, మొహం కూడా ఉబ్బిందా, ఆయాసం ఉందా, ఒంటేలు తగ్గిందా అడగండి, అవేవీ లేకుండా సాయంత్రానికి కాళ్ళు మాత్రం వాచి పొద్దున్నే తగ్గుతుంటే డాక్టరుకి చెప్పి డోసు తగ్గించడమో టెల్మిసార్టాన్ కలపడమో మార్చడమో చేస్తారు. చాలాచోట్ల హైపర్‌టెన్షన్ ప్రోటోకాల్ కూడా అట్నే ఉంటుంది, ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా తో మొదలు, నెలకి కంట్రోల్ కాకపోతే టెల్మిసార్టాన్ 40 కలపడం. వాపుకని లాసిక్స్ అనే నీళ్ళ బిళ్ళ (ఒంటేలు ఎక్కువ పోయేలా చేసేది) వేసేస్తుంటారు కొందరు, ఈ వాపుకి అది సరిగా పనిచేయదు, ఒంట్లో నీరు, పొటాషియం పోతాయి అంతే.

వయసులో ఉన్న ఆడపిల్ల టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వాడుతుంటే నెల తప్పిందేమో తప్పకుండా అడగండి, కడుపులో బిడ్డ కిడ్నీలకి మంచిది కాదు. గర్భిణికి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్ డోపా లాంటివి డాక్టరు రాస్తారు. ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు రావడం మామూలే, దగ్గు సిరప్పులు ఎన్ని తాగినా తగ్గదు, మందు మారిస్తేనే తగ్గుద్ది.

ఇంకొకటి, బీపీ నార్మల్ వచ్చింది కదా ఇంకెందుకు అని ఆపేసేవాళ్ళు చాలామంది. బిళ్ళ వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చిందని ఓపిగ్గా చెప్పాలి, నెలనెలా చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పాలి.

మోకాళ్ళ నొప్పులకి డైక్లో సూది వేయమంటారు, వేయొచ్చా?

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, మన వైపు దీంతో జరిగే నష్టం అంతా ఇంతా కాదు కాబట్టి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, కీళ్ళు పట్టేసి నడుము వంగిపోయి నొప్పులతో బతికే పెద్దవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళకి నొప్పి నిజం. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే డైక్లోఫెనాక్ సూది, మెడికల్ షాపుకి పోతే అసిక్లోఫెనాక్ బిళ్ళ, ఆ పూటకి హాయిగా ఉంటుంది, వారానికి నాలుగుసార్లు అలవాటైపోద్ది.

కిడ్నీకి రక్తం సరిగా పోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనేవి సాయం చేస్తాయి, నొప్పి బిళ్ళ వాటినే ఆపేస్తుంది. మామూలు మనిషికి రెండ్రోజులు వాడితే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ పెద్దాయన అప్పటికే బీపీకి టెల్మిసార్టాన్, దాంతోపాటు నీళ్ళ బిళ్ళ వాడుతున్నాడు, మే నెల ఎండలో మిరప కోతకి పోయొచ్చాడు, నీళ్ళు సరిగా తాగలేదు, దాని మీద మీరొక డైక్లో సూది వేశారనుకోండి, మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా దెబ్బతీస్తాయి. అందుకని సూది వేయమన్నప్పుడు ముందు బీపీ బుక్కు చూడండి, ఒంటేలు ఎట్లా పోతుందో అడగండి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎప్పుడు చేయించారో చూడండి. కడుపులో పుండు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, 20 వారాలు దాటిన గర్భం ఉంటే డాక్టరు చెప్పకుండా డైక్లో లాంటి నొప్పి మందు జోలికే పోవద్దు. పారాసిటమాల్, వేడి కాపడం, పైన రాసే జెల్లు, వీటితో మొదలుపెట్టండి. "సూది వేయని నర్సమ్మ" అని పేరొచ్చినా పర్వాలేదు.

మెట్‌ఫార్మిన్ వేస్తే కడుపు తిప్పుతుందంటున్నారు?

అన్నం మధ్యలోనో తిన్న వెంటనేనో వేసుకోమనండి, 500 తో మొదలుపెట్టి నిదానంగా పెంచితే చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. వాంతులు, విరేచనాలు బాగా అవుతుంటే, ఒంట్లో నీరు పోయి నీరసంగా ఉంటే అవి తగ్గేదాకా ఆపమని డాక్టరు చెప్తారు, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తుందో చెప్పే లెక్క) 30 కన్నా తక్కువుంటే అసలు వాడకూడదు. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బీ12 తగ్గుద్ది, అరికాళ్ళు మంటలంటే షుగర్ వల్లనే అని వదిలేయకుండా అది కూడా గుర్తు చేయండి.

గ్లిమెపిరైడ్ సంగతి వేరు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగర్ డౌన్ అవడం అరుదు, గ్లిమెపిరైడ్ మాత్రం తిన్నా తినకపోయినా ప్యాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ వదిలిస్తుంది. కార్తీక సోమవారం, శివరాత్రి ఉపవాసాలు, రంజాన్ రోజాలు ముందే అడిగి తెలుసుకుని డాక్టరుతో మాట్లాడి డోసు, టైము మార్పించాలి. చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం కనిపిస్తే మెలకువగా ఉన్నవాళ్ళకి మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాలకి మళ్ళీ గ్లూకోమీటర్‌తో చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఐవీ (రక్తనాళంలోకి) డెక్స్‌ట్రోసే. గ్లిమెపిరైడ్ వల్ల డౌన్ అయితే గంటలో బాగయ్యాడని ఇంటికి పంపొద్దు, ఆ మందు రోజంతా ఒంట్లో ఉండి మళ్ళీ దింపేస్తుంది, కిడ్నీ వీక్‌గా ఉన్నవాళ్ళకి మరీ.

ఇన్సులిన్ సిరంజీల్లో ఎరుపు క్యాప్, ఆరంజ్ క్యాప్ ఎందుకున్నాయి?

ఇది మాత్రం ఎంత బిజీగా ఉన్నా చదవండి. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లు ఉంటాయి, వాటికి ఎరుపు క్యాప్ ఉన్న యూ-40 సిరంజీ. ఎంఎల్‌కి 100 యూనిట్లు ఉండే వయల్స్ కూడా ఉన్నాయి, వాటికి ఆరంజ్ క్యాప్ యూ-100 సిరంజీ. పెన్ను కార్ట్రిడ్జిల్లో ఉండేది కూడా 100 దే.

డాక్టరు 20 యూనిట్లు రాశారు. మీ దగ్గర 40 వయల్ ఉంది, చేతికి ఆరంజ్ క్యాప్ సిరంజీ దొరికింది, 20 గీత దాకా లాగారు. అది 0.2 ఎంఎల్, అంటే లోపలికి పోయింది 8 యూనిట్లే. రేపు షుగర్ 350 ఉంటే డోసు చాల్లేదనుకుని పెంచుతారు, ఎల్లుండి ఎవరో సరైన సిరంజీతో ఇస్తారు, పేషెంటు డౌన్ అయిపోతాడు. దీనికి తిరగేసి 100 వయల్లోంచి ఎరుపు క్యాప్ సిరంజీతో 20 గీత దాకా లాగితే అది అర ఎంఎల్, 50 యూనిట్లు పోతాయి, నిద్రలోనే ప్రాణం మీదకొస్తుంది. వయల్ మీద నంబరు, సిరంజీ మీద నంబరు రెండూ ఒకటేనా అని పైకి చదవండి, మనసులో కాదు, పైకి. పెన్ను కార్ట్రిడ్జి లోంచి సిరంజీతో లాగే అలవాటుంటే ఇవాళే మానేయండి.

ఇంటికి పంపేటప్పుడు కూడా పేషెంటు తెచ్చుకున్న సిరంజీ చూసి పంపండి, షాపులో ఏదుంటే అది ఇచ్చేస్తుంటారు. 30/70 మిక్స్ అయితే రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి పాలలాగా కలిశాకే లాగాలి, గట్టిగా ఊపకూడదు.

ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఇన్సులిన్ ఎట్లా దాచుకోవాలి?

వాడుతున్న వయల్ చల్లటి చోట ఉంటే మామూలుగా నాలుగు వారాల దాకా బాగుంటుంది, కానీ మన ఎండల్లో రేకుల ఇంట్లో గది వేడి దాటిపోద్ది. మట్టికుండలో తడి ఇసుక పోసి దాని మీద చిన్న ముంతలో, వయల్‌ని నీళ్ళు తగలకుండా కవర్లో చుట్టి నీడలో పెట్టుకోమనండి. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు డోర్‌లో పెట్టుకోవాలి, ఫ్రీజర్లో పెట్టొద్దు, ఒక్కసారి గడ్డకడితే కరిగినా పనికిరాదు. కొత్త వయల్ తెరిచిన తేదీ మీరే పెన్నుతో రాసివ్వండి.

పిల్లల జ్వరం సిరప్ ఎంత పోయాలి?

"ఒక మూత పోయండి" అని చెప్పొద్దు. పారాసిటమాల్ కేజీకి 10 నుంచి 15 మి.గ్రా, నాలుగు నుంచి ఆరు గంటలకి ఒకసారి, రోజుకి నాలుగు డోసులు దాటకుండా. చిక్కు ఎక్కడంటే సీసాలు మూడు రకాలు. 5 ఎంఎల్‌లో 125 ఉండేది, 5 ఎంఎల్‌లో 250 ఉండేది, ఇంక చుక్కల మందు ఒక్క ఎంఎల్‌లోనే 100 ఉంటుంది. పది కేజీల పిల్లోడికి 150 మి.గ్రా కావాలంటే మొదటిది 6 ఎంఎల్, రెండోది 3 ఎంఎల్, చుక్కల మందు ఒకటిన్నర ఎంఎల్. చుక్కల మందుని సిరప్ అనుకుని 6 ఎంఎల్ పోస్తే 600 మి.గ్రా పోయినట్టు, నాలుగింతలు. తల్లి చేత సీసా తెప్పించుకుని, సిరంజీతోనో కొలత కప్పుతోనో గీత చూపించి, మళ్ళీ ఆమె చేతే పోయించి చూడండి. బరువు తప్పకుండా తూచండి, వయసు చూసి అంచనా వేయొద్దు.

జలుబు సిరప్పుల్లో కూడా పారాసిటమాల్ కలిపి ఉంటుంది, రెండూ పోస్తే డబుల్ డోసే. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని 2023 లో కేంద్ర డ్రగ్ కంట్రోలర్ చెప్పింది. నిమెసులైడ్ 12 ఏళ్ళ లోపు పిల్లలకి 2011 నుంచే నిషేధం. ఇప్పటికీ ఊళ్ళల్లో పాత సీసాలు దాచుకుని పోస్తుంటారు, ఇంటికి పోయినప్పుడు అటక మీద ఏమున్నాయో ఆశా చేత ఒకసారి చూపించుకోండి.

విరేచనాలకి ఏమివ్వాలి?

ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో, సగం ప్యాకెట్టు గ్లాసులో కాదు. జింక్ 14 రోజులు, ఆరు నెలలు దాటిన వాళ్ళకి 20 మి.గ్రా, రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10, విరేచనాలు ఆగినా కోర్సు పూర్తి చేయాలి. రక్తం పడకపోతే యాంటీబయోటిక్ సాధారణంగా అక్కర్లేదు, చిన్నపిల్లలకి లోపెరమైడ్ ఇవ్వొద్దు.

ఐరన్ బిళ్ళలు ఇస్తే గర్భిణులు వేసుకోవడం లేదు

ఇచ్చామని రిజిస్టర్లో రాసుకోవడం వేరు, వేసుకోవడం వేరు. గర్భిణికి ఇచ్చే ఎర్ర బిళ్ళలో 60 మి.గ్రా ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, నాలుగో నెల నుంచి రోజూ ఒకటి, కనీసం 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పండి, చెప్పకపోతే భయపడి పారేస్తారు. కడుపులో మంటగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకోమనండి. టీ, కాఫీతో వద్దు, నిమ్మకాయ నీళ్ళతో మంచిది. కాల్షియం బిళ్ళ కూడా ఇస్తాం కదా, రెండూ ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, రెండు గంటలు ఎడం ఉండాలి. థైరాయిడ్ బిళ్ళ వాడే ఆమె అయితే అది పరగడుపున వేసుకుని, ఐరన్, కాల్షియం రెండిటికీ నాలుగు గంటలు ఆగాలి.

సూది వేశాక రియాక్షన్ వస్తే ముందు ఏవిల్ ఇవ్వాలా, డెక్సా ఇవ్వాలా?

రెండూ కాదు, ముందు అడ్రినలిన్. ఈ ఒక్క విషయంలో పాత అలవాటు మార్చుకోమని చేతులు జోడించి అడుగుతున్నా. దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోవడం, గొంతు పట్టేయడం, బీపీ పడిపోవడం, వాంతులు ఇట్లాంటివి కనిపిస్తే అది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదకొచ్చే ఎలర్జీ. పెద్దవాళ్ళకి 1:1000 అడ్రినలిన్ అర ఎంఎల్, తొడ మధ్యలో బయటి పక్కన కండలోకి, చీర మీద నుంచైనా సరే ఆలస్యం చేయకుండా. పిల్లలకి కేజీకి 0.01 ఎంఎల్. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తండి, ఆయాసం ఉంటే కూర్చోబెట్టండి, ఆక్సిజన్, సెలైన్ పెట్టండి, తగ్గకపోతే ఐదు నిమిషాలకి మళ్ళీ అడ్రినలిన్. ఏవిల్ దురదని తగ్గిస్తుంది, గొంతు వాపుని ఆపలేదు, డెక్సా స్టెరాయిడ్, పనిచేయడానికి గంటలు పడుతుంది. డ్యూటీ ఎక్కగానే ఎమర్జెన్సీ ట్రేలో అడ్రినలిన్ ఆంపుల్ ఉందా, ఎక్స్‌పైరీ ఎప్పుడు, పక్కనే 1 ఎంఎల్ సిరంజీ ఉందా చూసుకోండి. సూది వేసిన వాళ్ళని అరగంట బెంచీ మీద కూర్చోబెట్టండి, బస్సు పోతుందన్నా సరే.

పీహెచ్‌సీలో ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) ఇచ్చి పంపమంటారు, భయంగా ఉంది

భయం వద్దు, లెక్క తెలిస్తే చాలు. రెఫర్ చేసే ముందు మొదటి డోసు 10 గ్రాములు, ఒక్కో పిర్రలో 5 గ్రాములు లోతుగా కండలోకి. 50 శాతం ఆంపుల్ 2 ఎంఎల్‌లో 1 గ్రాము, కాబట్టి పక్కకి ఐదు ఆంపుళ్ళు, 10 ఎంఎల్. ఆ తర్వాత ఏ డోసైనా ఇచ్చే ముందు మూడు చూడాలి: మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస నిమిషానికి 16 కి తగ్గకుండా ఉందా, ఒంటేలు గంటకి కనీసం 30 ఎంఎల్ వస్తుందా. మెగ్నీషియం బయటికి పోయేది కిడ్నీ నుంచే, అందుకని ఒంటేలు అంత ముఖ్యం. ఊపిరి మందగిస్తే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్, 10 శాతంది 10 ఎంఎల్, నిదానంగా ఐవీ. రెండు మందులూ ఒకే ట్రేలో పెట్టి 108 లో పంపండి.

పాముకాటుకి పిల్లలకి ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు) తగ్గించి ఇవ్వాలా?

వద్దు. వరి చేలల్లో కరిచే పాము పిల్లోడని విషం తగ్గించి వదలదు, మందు విషాన్ని బట్టి, బరువుని బట్టి కాదు. మన దగ్గర దొరికే ఏఎస్‌వీ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగిటికీ. విషం ఎక్కిన లక్షణాలు ఉంటేనే ఇస్తారు, మామూలుగా 10 వయల్స్‌తో మొదలు. టెస్ట్ డోసు వేయక్కర్లేదు, అది రియాక్షన్‌ని ముందుగా చెప్పదు, అడ్రినలిన్ మాత్రం పక్కన లోడ్ చేసి ఉండాలి.

పురుగుమందు తాగిన కేసుల్లో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎంతవరకు అంటే, కంటిపాప పెద్దదయ్యిందా అని ఒక్కటే చూసి ఆపొద్దు. ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా, చంకలో చెమట ఆరిందా, పల్స్ 80 దాటిందా, ఇవి ముఖ్యం. 0.6 మి.గ్రా ఆంపుళ్ళు మూడు నుంచి ఐదు దాకా వేసి, ఐదు నిమిషాలకి తగ్గకపోతే రెట్టింపు చేస్తూ పోతారు, కాబట్టి ఒక్క రాత్రికి డబ్బాలు ఖాళీ అవుతాయి, స్టాకు ముందే చూసుకోవాలి.

టీబీ మందులు వాడేవాళ్ళకి ఏం చెప్పాలి?

చీమకుర్తి క్వారీల్లో రాతిపొడి పీల్చే పనివాళ్ళకి టీబీ వచ్చే రిస్కు ఎక్కువ, కాబట్టి ఇది మనకి బాగా కావాల్సింది. ఒంటేలు ఎర్రగా వస్తుందని మొదటి రోజే చెప్పండి, అది రిఫాంపిసిన్ రంగు, రక్తం కాదు. పిల్లలు పుట్టకుండా బిళ్ళలు వాడే ఆమెకి రిఫాంపిసిన్ వల్ల ఆ బిళ్ళ సరిగా పనిచేయదు, వేరే పద్ధతి చూసుకోవాలి. అరికాళ్ళు తిమ్మిర్లంటే ఐసోనియజిడ్, బీ6 ఇస్తున్నారా చూడండి. చూపు మసకగా ఉందన్నా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలీట్లేదన్నా ఎథాంబుటాల్, వెంటనే డాక్టరుకి చెప్పండి. కళ్ళు పచ్చబడి వాంతులవుతుంటే మందులు ఆపి అదే రోజు పంపాలి. మద్యం తాగే అలవాటు గురించి కూడా అడగండి, తిట్టకుండా అడిగితే చెప్తారు.

డ్రిప్ లెక్క ఒకసారి చెప్పండి, పొటాషియం గురించి కూడా

మామూలు సెట్‌లో ఎంఎల్‌కి 20 చుక్కలు. 500 ఎంఎల్ నాలుగు గంటల్లో పోవాలంటే 500 ని 20 తో గుణించి 240 నిమిషాలతో భాగించండి, నిమిషానికి దాదాపు 42 చుక్కలు. మైక్రో సెట్ అయితే 60 చుక్కలు. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ నేరుగా ఐవీ పుష్ ఎప్పుడూ చేయకూడదు, గుండె ఆగిపోద్ది, సెలైన్‌లో బాగా కలిపి నిదానంగానే. ఆ ఆంపుళ్ళు డిస్టిల్డ్ వాటర్ ఆంపుళ్ళ పక్కన ఉంటే ఇప్పుడే తీసి వేరే డబ్బాలో పెట్టండి. సెఫ్ట్రియాక్సోన్‌ని రింగర్ లాక్టేట్ పోయే లైన్లో ఇవ్వొద్దు, కాల్షియంతో కలిసి గడ్డలు కడుతుంది.

డాక్టరు గారు రాసిన డోసు తప్పనిపిస్తే ఎట్లా అడగాలి? కోప్పడతారేమో

అడగడం మన పని. "సార్, ఇది తప్పు" అనక్కర్లేదు, "సార్, పేషెంటు బరువు 12 కేజీలు, ఇక్కడ 500 అని ఉంది, ఒకసారి చూసి చెప్తారా, ఇచ్చేస్తాను" అంటే చాలు. బరువు, క్రియాటినిన్, ఎలర్జీ ఇట్లాంటి నంబరు ముందు పెట్టి అడిగితే కోప్పడేవాళ్ళు తక్కువ. కోప్పడినా సరే, సమాధానం వచ్చేదాకా మందు ట్రేలోనే ఉండాలి. ఫోన్లో ఆర్డరిస్తే రాసుకుని తిరిగి చదివి వినిపించండి, ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "ఒకటి ఐదు" అని అంకెలు విడివిడిగా చెప్పండి, తర్వాత సంతకం చేయించుకోండి.

మందు వల్ల తేడా జరిగిందనిపిస్తే ఎవరికి చెప్పాలి, మన మీదకి వస్తుందా?

ముందు డాక్టరుకి, కేస్ షీట్లో టైముతో సహా రాయండి. తర్వాత ఫార్మకోవిజిలెన్స్ (మందుల వల్ల వచ్చే తేడాలు నమోదు చేసే) ప్రోగ్రాంకి రిపోర్టు చేయొచ్చు, 2010 నుంచి దేశమంతా నడుస్తుంది, నర్సులు కూడా నేరుగా చేయొచ్చు, టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఆ మందు వల్లే అని మీరు రుజువు చేయక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. రిపోర్టు చేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. మందు పేరు, బ్యాచ్ నంబరు, డోసు, ఎప్పుడిచ్చారు, ఎంతసేపటికి ఏమైంది, ఇవి రాసిపెట్టుకోండి, ఖాళీ వయల్‌ని బ్యాచ్ నంబరు చూసుకోకుండా పారేయొద్దు.